ఇజోరా టోలివర్ సాక్ష్యం

ఇజోరా టోలివర్ ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటే హార్లోలో ఎలాంటివాడైనా పెద్దమనిషిలా కనిపించేవాడు. అలబామాలో ఎర్రమట్టి దారుల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లపాటు తెల్లవాళ్ల ఇళ్ల బట్టలన్నీ ఆమె బల్ల మీదుగానే వెళ్లాయి. బ్యాంకు మేనేజరువి, డాక్టరువి, ప్రాసిక్యూటర్ హాస్క్యూవి. ఎవరి మెడ ఎంత లావో, ఎవరి కాలరు ఎక్కడ చిరుగుతుందో ఆమెకి కంఠతా వచ్చు. ఎవరి మొహం ఎలా ఉంటుందో మాత్రం సరిగ్గా తెలియదు. తెల్లవాడి మొహంలోకి చూసి మాట్లాడే అలవాటు ఆ ఊళ్లో నల్లవాళ్లకి లేదు. కాలరు దగ్గరే చూపు ఆపేయడం మర్యాద.

ఇంకో మర్యాద కూడా ఉంది. తెల్లవాడు ఏదడిగినా ముందు "అవును దొరా" అనాలి. నీ పని నువ్వు ఎలా చేసుకుంటావన్నది తర్వాత సంగతి. ఇజోరాకి మాటలొచ్చిన ఏడాదే వాళ్లమ్మ ఇది నేర్పింది. ఊరికే నేర్పలేదు. వాళ్ల మేనమామ పత్తి మిల్లులో తూకం దగ్గర ఒకసారి "కాదు దొరా" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి ఆయన ఎవరికీ కనబడలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో "కాదు" అన్న మాట ఆడవాళ్లూ మగవాళ్లూ తమలో తాము పోట్లాడుకునేటప్పుడే వినబడేది.

చెల్లెలి కొడుకు లెమ్యూల్‌ని ఇజోరా తన కొడుకులాగే చూసుకుంది. ఆమెకి పిల్లల్లేరు. వాడు రంపపు మిల్లులో పనిచేసేవాడు, ఆదివారం చర్చిలో పాడేవాడు. వాడికి మంచి చొక్కా ఒక్కటే ఉండేది, తెల్లది. ప్రతి శనివారం సాయంత్రం పెద్దమ్మ ఇంటికొచ్చి, ఆ చొక్కా విప్పి ఆమె చేతిలో పెట్టి, బనీనుతో వరండాలో కూర్చుని బీన్సూ మొక్కజొన్న రొట్టే తినేవాడు. రేడియోలో భక్తిగీతాల కార్యక్రమం ఏడింటికి అయిపోయేది. అప్పుడు చొక్కా తొడుక్కుని వెళ్లేవాడు.

1978 మే నెలలో ఒక శనివారం, ఆరున్నరకి, ఊరి చివర పెట్రోలు బంకు నడిపే తెల్లాయన్ని ఎవరో కాల్చి చంపారు. తెల్ల చొక్కా వేసుకున్న నల్ల కుర్రాడు పరిగెత్తుతుంటే చూశామని ఇద్దరు చెప్పారు. మూడో రోజు లెమ్యూల్‌ని పట్టుకెళ్లారు. హార్లోలో తెల్ల చొక్కా ఉన్న నల్ల కుర్రాళ్లు వందమంది ఉంటారు. పోలీసులకి మొదట దొరికినవాడు చాలు.

ఆ వేళకి వాడు తన వరండాలోనే ఉన్నాడని విచారణలో చెప్పగలిగింది ఇజోరా ఒక్కతే. కోర్టు పెట్టిన లాయరు ఆమెని రెండే ప్రశ్నలడిగి కూర్చున్నాడు. తర్వాత హాస్క్యూ లేచాడు. అతని ఒంటి మీదున్న చొక్కా కిందటి గురువారం ఆమె ఇస్త్రీ చేసిందే.

"ఇజోరా, ఆ సాయంత్రం నువ్వు పనిలో ఉన్నావు, అంతే కదా?"

"అవును దొరా."

"నీ పని నాకు తెలుసు కదా. చూపు బట్ట మీద నుంచి కదిలిందంటే బట్ట మాడిపోతుంది. అవునా?"

"అవును దొరా."

"అంటే మధ్యలో వాడు లేచి ఓ అరగంట ఎక్కడికైనా పోయొచ్చినా నువ్వు గమనించకపోవచ్చు. అంతేనా?"

"అవును దొరా."

ఆ మూడో మాట తను అన్నట్టే ఆమెకి తెలియలేదు. కోర్టు మెట్ల మీద చెల్లెలు నెట్టీ రెండు భుజాలూ పట్టుకుని ఊపుతూ "ఎందుకలా చెప్పావే అక్కా, వాడు కదల్లేదని నీకు తెలుసు కదే" అని ఏడిస్తే అప్పుడు తెలిసింది. పన్నెండు మంది జ్యూరీ, అందరూ తెల్లవాళ్లే, గంట కూడా కూర్చోలేదు. మరణశిక్ష.

ఇస్త్రీపెట్టె పట్టీ పట్టీ ఇజోరా వేలి కొసలకి వేడి తెలియడం ఎప్పుడో పోయింది. ఆ రోజు తర్వాత ఒళ్లంతా అలాగే అయింది. నెట్టీ చనిపోయినప్పుడు కూడా ఆమెకి కన్నీళ్లు రాలేదు. తిండి తినేది, పనికి వెళ్లేది, నెలకోసారి చర్చి వ్యానులో నాలుగు గంటలు కూర్చుని జైలుకెళ్లి అద్దం అవతల ఉన్న లెమ్యూల్‌ని చూసొచ్చేది. వాడు తిట్టుంటే బాగుండేది. ఇరవై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా తిట్టలేదు. "కాళ్ల నొప్పులెలా ఉన్నాయి పెద్దమ్మా" అనే అడిగేవాడు.

చివరికి మోంట్‌గోమరీ నుంచి ట్రావిస్ అనే నల్ల లాయరమ్మ వచ్చింది. ఇదివరకటి కాగితాలన్నీ తిరగేసి, ఇజోరాని మళ్లీ బోనెక్కించడానికి ఒక జడ్జిని ఒప్పించింది. "మీ మాటే వాడి ప్రాణం అమ్మా. ఎదుటివాడు ఎలా అడిగినా, జరగనిదాన్ని జరగలేదనాలి. అంతే" అంది.

అంతే అన్నంత తేలికేం కాదు. చర్చి ఆడవాళ్లు వంటింట్లో చేరి ఆమెకి తర్ఫీదిచ్చారు. పక్కింటి యూలా మొగుడి టోపీ పెట్టుకుని, బొజ్జ ముందుకి తోసి ప్రాసిక్యూటర్ అయింది.

"ఏమే ఇజోరా, ఆకాశం ఆకుపచ్చగా ఉంటుంది కదా?"

"అవును దొరా."

ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ఓరి దేవుడా, నీ నాలుకకి కూడా ఇస్త్రీ చేసుకున్నావా ఇజోరక్కా? ఒక్క మడతైనా లేదు! సరే, మళ్లీ. నువ్వు మగాడివి కదా ఇజోరా?"

"అవును దొ..." అని ఆగిపోయింది ఇజోరా. ఈసారి ఎవరూ నవ్వలేదు. యూలా టోపీ తీసి బల్ల మీద పెట్టి, "మనందరం అంతేలే అక్కా" అంది. ఆరు వారాలు పట్టింది ఆమె నోట ఆ ఒక్క మాట రావడానికి.

కొత్త ప్రాసిక్యూటర్ కుర్రవాడు, మర్యాదస్తుడు. నువ్వు అనలేదు, మీరు అన్నాడు. ఇరవై ఒక్క ఏళ్లలో ఆ కోర్టులో ఆమెకి దక్కింది ఆ మీరు ఒక్కటే.

"మీరు పని మీద ధ్యాసలో ఉన్నారు కనక, అతను మధ్యలో వెళ్లొచ్చినా మీకు తెలియకపోయుండొచ్చు. అంతే కదండీ?"

"కాదు," అంది ఇజోరా. "వాడు ఎక్కడికీ వెళ్లలేదు. ఎలా వెళ్తాడు? చంపినవాడు తెల్ల చొక్కాలో ఉన్నాడన్నారు. మావాడి చొక్కా నా ఇస్త్రీపెట్టె కింద ఉంది."

కుర్రవాడు పాత సాక్ష్యం కాగితం తిరగేశాడు.

"మరి అప్పుడు ప్రమాణం చేసి అవునన్నారే? అది అబద్ధమా?"

"అది జవాబు కాదు బాబూ. మర్యాద. మీవాళ్లు నేర్పిందే."

లాయరమ్మ బయటికొచ్చి ఆమెని వాటేసుకుంది. యూలా ఏడ్చింది. నాలుగు నెలల తర్వాత జడ్జి తీర్పొచ్చింది. జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడు చెప్పిన మాటే ఎక్కువ నమ్మదగినదట. పెంచిన ప్రేమ కొద్దీ ముసలామె ఇప్పుడిలా చెప్పడం సహజమేనట. ఎంత తీరుబడిగా రాశాడో ఆ పెద్దమనిషి! పై కోర్టు ఒక్క వాక్యంలో సరేనంది. శిక్ష అమలుకి అక్టోబరు ఎనిమిదో తేదీ ఖాయం చేశారు.

ఆ కబురొచ్చాక వెళ్లినప్పుడు లెమ్యూల్ ఫోను చెవికి పెట్టుకుని అద్దానికి దగ్గరగా జరిగాడు. నలభై రెండేళ్లకే తల నెరిసిపోయింది.

"నిజంగానే కాదన్నావా పెద్దమ్మా? వాడి మొహం మీదే?"

"అన్నాను."

"మొహం ఎలా పెట్టాడు?"

ఇజోరా ఆలోచించింది. "నేను మొహం చూడలేదురా. కాలరే చూశాను. ఎడంపక్క కొస నలిగిపోయుంది. ఎవరు చేశారో గానీ బొత్తిగా పని రానివాళ్లు."

లెమ్యూల్ ఫోను కింద పెట్టేసి నవ్వాడు. కాపలావాడు తిరిగి చూసేంత గట్టిగా, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. వాడు నవ్వుతున్నాడు కదా అని చూస్తూ కూర్చుంది.

"అన్నావు కదా," అన్నాడు వాడు మళ్లీ ఫోను తీసుకుని. "నాకది చాలు."

"నాకు చాలదురా," అంది ఇజోరా.

బయటికొస్తుంటే ఆఫీసు గదిలోకి రమ్మన్నారు. బల్ల వెనక గుమస్తా ఒక కాగితం పూర్తి చేస్తున్నాడు. మంచివాడే, ఆమెకి కుర్చీ జరిపి వేశాడు. పేరు, ఊరు, ఏమవుతారు అన్నీ అడిగి రాసుకున్నాడు.

"ఎనిమిదో తేదీన శరీరాన్ని మీరే తీసుకెళ్తారు కదమ్మా?"

ఇజోరా అతని మొహంలోకి చూసింది. అవుననలేదు, కాదనలేదు. పెదవి కదపలేదు. గుమస్తా కాసేపు ఆగాడు. తర్వాత గోడ గడియారం చూసుకుని, అవును అన్న గడిలో తనే టిక్కు పెట్టుకున్నాడు.