విప్పి చూద్దాం సార్

మా నరసరావుపేట ఇంజనీరింగ్ కాలేజీ ఎదుట ఓ బైకు మెకానిక్ ఉండేవాడు. ఏది చెడిపోయిందన్నా "విప్పి చూద్దాం సార్" అనేవాడు. పాత మోపెడ్ ఇంజన్‌తో మిరపచేలకు మందుకొట్టే బండి చేశాడు. మా విద్యార్థులు దాన్ని కొనుక్కొచ్చి తమ ప్రాజెక్టన్నారు. వాళ్ల గైడుగా నేను తెలిసే సంతకం పెట్టాను.

మా కాలేజీలోనే జరిగిన ప్రాజెక్టుల పోటీనాడు స్టేజీ మీదే బండి మొరాయించింది. ఎక్కడ చెయ్యి పెట్టాలో మావాళ్లలో ఒక్కడికీ తెలియదు. అతన్నే పిలిపిస్తే రెండు నిమిషాల్లో నడిపించాడు.

"ఎవరితను?" అన్నారు ముఖ్య అతిథి.

"రిపేర్లు చేసే మనిషి సార్" అన్నాను.

అతను చేతులు తుడుచుకుంటూ నాతో మెల్లగా అన్నాడు: "ఈసారన్నా మీ పిల్లోళ్లతో విప్పించండి సార్. చెడిపోతే నేను లేనా ఏంది?"

ప్రైజు మావాళ్లకే వచ్చింది. కాలేజీలో ఇన్నోవేషన్ సెల్ పెట్టి నన్ను ఇన్‌చార్జిని చేశారు. ఆ బండిని అద్దాల గదిలో పెట్టించి, "ముట్టుకోరాదు" అని నేనే బోర్డు రాయించాను.