పెట్టె లెక్కలో ఒక బండి ఎక్కువ

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. పైగా నమ్మేవాళ్లను ఆటపట్టించేవాణ్ణి. ఏలూరు నుంచి వచ్చి రోడ్ల శాఖలో సూపర్‌వైజరుగా చేరాను. అంకె కళ్లబడితే తప్ప దేన్నీ ఒప్పుకునే రకాన్ని కాను.

ఇప్పుడు మాదాపూర్ కూడళ్లలో రద్దీని సెన్సర్లు, కెమెరాలు లెక్కపెడుతున్నాయి. డెబ్బయ్యో దశకంలో మాకున్నది రోడ్డుకు అడ్డంగా పరిచే రబ్బరు గొట్టం, దాని చివర ఒక ఇనప్పెట్టె. చక్రాల జత గొట్టాన్ని తొక్కిన ప్రతిసారీ లోపలి గాలి తన్ని, పెట్టెలో అంకె ఒకటి పెరిగేది. లారీకి రెండు, ఎడ్లబండికి ఒకటి. పక్కనే ఒక మనిషి కూర్చుని, వెళ్లిన ప్రతి బండికీ కాగితం మీద దాని రకం గడిలో గీత పెట్టేవాడు. గంటకోసారి రెండు లెక్కలూ కలవాలి. కలవకపోతే తప్పు మనిషిదే. పెట్టెకు నిద్ర రాదుగా అనేవాళ్లం.

చందానగర్ దగ్గర, బొంబాయి రోడ్డులో పల్లెదారి కలిసే చోట మల్లయ్య కూర్చునేవాడు. గోపన్‌పల్లి మనిషి, రోజుకూలీ. నెలాఖరుకల్లా లెక్క కుదిరితే పర్మనెంటు చేస్తామని మాటిచ్చాం. కానీ వారం రోజులుగా పగలు పదకొండుకీ పన్నెండుకీ మధ్య అతని లెక్క కన్నా పెట్టెలో ఒకటి ఎక్కువ వస్తోంది. గొట్టం మార్చాను, పెట్టె మార్చాను. అదే తేడా.

"ఒక ఎడ్లబండి గీత ఎక్కువ పెట్టేస్తే పోయేదిగా, మల్లయ్యా" అన్నాను విసుగ్గా.

"చూడని బండిని ఎట్ల రాయాలె సార్" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. డ్యూటీలో నిద్రపోతున్నాడని రిపోర్టు రాసి జేబులో పెట్టుకున్నాను. దాంతో అతని ఉద్యోగం ఆశ పోయినట్టే. మర్నాడు కళ్లారా పట్టుకుందామని నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను.

పదకొండున్నర అయింది. ఎర్రటి ఎండ. రోడ్డు రెండు వైపులా ఖాళీ. పెట్టె దగ్గర గొట్టం మీద అరచెయ్యి ఆనించి ఉంచాను. ఉన్నట్టుండి చేతి కింద గాలి తన్నింది. పెట్టెలో టక్కుమంది. అంకె ఒకటి పెరిగింది.

మల్లయ్య నా ముఖంలోకి చూశాడు.

"ఇగ మీరే చెప్పుండ్రి సార్, ఏం రాయాలె?"

నాకు భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. రిపోర్టు చింపేశాను. అతని పెన్సిలు తీసుకుని ఎడ్లబండ్ల గడిలో నేనే ఒక గీత పెట్టి, పక్కన సంతకం చేశాను. నెలాఖరు దాకా రోజూ ఆ వేళకు వెళ్లి అదే పని చేశాను. మల్లయ్య మాత్రం ఆ గీత తన చేత్తో ఒక్కసారీ పెట్టలేదు. పెన్సిలు నాకిచ్చి రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు. లెక్క కలిసింది, అతనికి ఉద్యోగం వచ్చింది.

అదేమిటో ఈనాటికీ చెప్పలేను. ఆ ఫైల్లో ఎవరూ చూడని ఎడ్లబండ్లు కొన్ని ఉన్నాయి. వాటన్నిటికీ సాక్షి సంతకం నాదే.