మూడు రిజిస్టర్లు, మా మామ్మ దగ్గు

నా చిన్నప్పుడు మా కొండమీదికి జబ్బూ ఆకలీ ఎప్పుడూ జంటగానే వచ్చేవి. వాటిని తరమాల్సిన మందూ బియ్యమూ మాత్రం చెరో దారినా, చెరో రోజునా వచ్చేవి. ఆ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో గాని, ఆయనకో దండం.

హుకుంపేట అవతల కొండవాలులో ఊరు మాది. అమ్మా నాన్నా కాఫీ తోటల పనికి పోయి నెలకోసారి వచ్చేవారు. ఇంట్లో మా మామ్మా, నేనూ, నాలుగేళ్ల తమ్ముడూ. ఆ ఏడు మామ్మకి దగ్గు పట్టుకుంది. నెత్తురు కూడా పడేసరికి నర్సమ్మ పరీక్ష చేయించి, టీబీ అని చెప్పి, నెలకి సరిపడా మాత్రలు ఇచ్చింది. ఆ మాత్రలు నెల తిరక్కుండానే అయిపోయేవి. మామ్మ మాత్రం రోజురోజుకీ చిక్కిపోయేది. అలా చిక్కి చిక్కి పోయినవాళ్లని మా ఊళ్లో నేను చూశాను. మామ్మ కూడా పోతుందేమోనని భయం వేసి, ఆవిడ కొంగు పట్టుకునే తిరిగేదాన్ని.

ఆ రోజుల్లో మా సర్పంచి ఒక ఆడమనిషి, వరసకి నాకు పిన్ని. చదువు లేదు, వేలిముద్రే. వేలిముద్ర సర్పంచి అని సంతలో షావుకార్లు నవ్వుకునేవారట. నవ్వుకోనీండి.

పిన్ని ఒకనాడు వచ్చి మామ్మని చూసి వెళ్లింది. తరవాత ముగ్గురికి విడివిడిగా కబురు పెట్టింది. నర్సమ్మకి టీకాల మీటింగంది. డిపోలో రేషన్ బియ్యం ఇచ్చే గుమస్తాకి కొత్త కార్డుల మీటింగంది. అంగన్‌వాడీ అక్కకేమో బడి పైకప్పు మీటింగంది. ఎవరి రిజిస్టరు వాళ్లు తెచ్చుకోమంది. తీరా చూస్తే కింది నుంచి ఇద్దరూ చెమటలు కక్కుకుంటూ కొండెక్కీ, ఊళ్లోనే ఉండే అక్క నాలుగడుగులు నడిచీ చేరింది మా అరుగు మీదికే. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిన్ని తాపీగా అందరికీ అంబలి పోసి, తనకెలాగూ చదువు రాదు కాబట్టి, ఈ ఇంటి గురించి ఏం రాసుకున్నారో పైకి చదివి వినిపించమంది.

నర్సమ్మ పుస్తకంలో మాత్రలు ఇచ్చినట్టుంది. గుమస్తా పుస్తకంలో మూడు నెలలుగా కార్డు మనిషి రాలేదని ఉంది. అక్క పుస్తకంలో, మా తమ్ముడు ఉప్మా సగమే తిని, మిగతాది ఆకులో కట్టుకుపోతున్నాడని ఉంది. ఒక్క అబద్ధమూ లేదు. ఒక పుస్తకం సంగతి ఇంకో పుస్తకానికి తెలియదు, అంతే. మామ్మ కొండ దిగలేదు కాబట్టి బియ్యం లేవు. బియ్యం లేక ఉత్త కడుపున మాత్ర వేసుకుంటే వాంతి. తమ్ముడు తెచ్చే సగం ఉప్మాతోనే ఆవిడ ప్రాణం నిలబడి ఉంది.

మరి నెల మాత్రలు ముందే ఎలా అయిపోతున్నాయని నర్సమ్మ గద్దించింది. మామ్మ తల వంచుకుంది. పిన్ని నన్ను దగ్గరికి తీసుకుని, "బయపడకు గుంటా. మామ్మ బతకాలంటే ఉన్నది సెప్పు" అంది.

చెప్పేశాను. వేటమాంసం దొరికితే ప్రతి గడపకీ వాటా వేయడం మా ఆనవాయితీ. మాత్రలకీ మామ్మ అలాగే వాటాలు వేసింది. దగ్గుతున్న పక్కింటి తాతకి కొన్ని, ఎదురింటి బాలింతకి కొన్ని.

నర్సమ్మ నెత్తి కొట్టుకుంది. మామ్మ మెల్లిగా, "ఊరంతా దగ్గుతంటే నానొక్కదాన్నే తినీడమేటి?" అంది.

ఇంకొకరైతే తెలివిలేని కొండజనం అనేసి లేచిపోయేవారు. పిన్ని కళ్లు తుడుచుకుంది. "పంచడం మన మరియాదే అత్తా. గాని మందుకి వాటా ఏస్తే ఎవులికీ సాలదు. ఆలది ఆలకి నాను రప్పిస్తాను. నీది నువ్వే తినాల."

నర్సమ్మ కొండెక్కే రోజునే బియ్యమూ ఎక్కాలనీ, మోసే మనుషుల్ని పంచాయతీ పంపుతుందనీ అక్కడికక్కడే తీర్మానం రాయించి వేలిముద్ర వేసింది. మామ్మ రోజూ పిల్లలు వెళ్లాక అంగన్‌వాడీలో అన్నం తిని, అక్క కళ్లముందే మాత్ర మింగాలి. నర్సమ్మ గొణుగుతూనే పక్కింటి తాతదీ, బాలింతదీ కఫం పరీక్షకి పట్టుకెళ్లింది. ఇద్దరికీ టీబీయే.

గుమస్తా ఒకసారి బియ్యం ఎగ్గొట్టాడు. పిన్ని వెళ్లి డిపో గుమ్మంలో కూర్చుంది. మళ్లీ ఎగ్గొట్టలేదు. పక్కింటి తాత దక్కలేదు, అప్పటికే ఆలస్యమైపోయింది. బాలింత బతికింది. సామలు కోతకొచ్చేనాటికి మా మామ్మ కొడవలి పట్టుకుని నాకంటే ముందు నడిచింది. ఆ వేళ నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. మా పంచాయతీలో వార్డు మెంబర్ని. నాకు చదువొచ్చు. అయినా ఎవరైనా రిజిస్టరు నా ముందు పెట్టి, అంతా రాసే ఉందమ్మా అంటే నేను చదవను. మిగతా రిజిస్టర్లవాళ్లనీ పిలిపించి, మంచాన ఉన్న మనిషి అరుగు మీదే కూర్చోబెట్టి, పైకి చదవమంటాను.