నార్మల్ అని బోర్డు మీద రాసిన రోజు

ఆ బడిలో పదహారేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్న టీచరమ్మకు ఒక పిచ్చి ఉండేది. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, వరండాలో బోర్డు మీద రోజుకో ఇంగ్లీషు మాట రాసేది. అర్థం, పుట్టుక, వాడుక, మూడూ రాయాల్సిందే. ఒక మాట దొరికిందంటే దాని తాతముత్తాతల దాకా ఆరా తీసి గానీ వదిలేది కాదు. పెళ్ళిసంబంధాలు చూసేవాళ్ళు కూడా అంత వాకబు చెయ్యరు.

ఇంత ఆరా తీసే మనిషి, తన ఇంటి సంగతి వచ్చేసరికి స్టాఫ్ రూములో ఒక్క ముక్కతో తేల్చేసింది. "మా ఇంట్లో నేనొక్కదాన్నే కూతుర్ని" అంది. అబద్ధమేం కాదు. కొడుకు కూడా ఉన్నాడా అని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఉన్నాడు. ఆవిడకంటే ఆరేళ్ళు పెద్దవాడు, నాన్నలాగే వడ్రంగి. చిన్నప్పుడు గట్టి జ్వరం వచ్చి తగ్గాక, మాటా నెమ్మదించింది, ఆలోచనా నెమ్మదించింది. ఏదైనా చెబితే నాలుగుసార్లు పైకి అనుకుంటే గానీ ఒంటబట్టదు. నవ్వితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. చదువు రెండో తరగతి దాటలేదు. కర్ర చేతికిస్తే మాత్రం వేరే మనిషి. నాన్న పోయాక చెల్లెల్ని చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళి, సాయంత్రం దాకా గేటు బయటే కూర్చున్నవాడు. ఇప్పటికీ ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంట. ఆ ఇంటికి టీచరమ్మ తోటి టీచర్లని ఒక్కసారి కూడా పిలవలేదు.

ఒక మంగళవారం సాయంత్రం అన్నయ్య పని నుంచి వస్తూనే గుమ్మంలోనే చెప్పాడు. "రేపు మీ బడికే వస్తున్నా అమ్మాయ్. బెంచీలు విరిగాయంట. రెండ్రోజుల పని." ముఖమంతా నవ్వే.

ఆవిడ పొయ్యి దగ్గరే నిలబడి, అతని ముఖం చూడకుండా అంది. "అన్నయ్యా, అక్కడ నన్ను పలకరించకు. మేడం అను. నేనెవరో తెలీనట్టు ఉండు."

ఎందుకని అడుగుతాడేమోనని ఏవేవో జవాబులు సిద్ధం చేసుకుంది. అతను అడగలేదు. పీట మీద కూర్చుని వేళ్ళు మడుస్తూ, "పలకరించకూడదు. మేడం అనాలి. తెలీనట్టుండాలి" అని భోజనం అయ్యేదాకా అనుకుంటూనే ఉన్నాడు. వింటున్నకొద్దీ ఆవిడకు ముద్ద దిగలేదు. అయినా వద్దని మాత్రం అనలేదు, అదీ ఈ మహాతల్లి ధైర్యం.

మర్నాడు బోర్డు మీద రాయాల్సిన మాట నార్మల్. పిల్లలే అడిగి రాయమన్నారు, అందరి నోటా అదే మాట కదా. జ్వరం నార్మల్, కాన్పు నార్మల్, వాడు నార్మల్ కాడు. ఆవిడ పెద్ద డిక్షనరీ తిరగేసింది. లాటిన్‌లో నార్మా అంటే వడ్రంగి మూలమట్టం అట. దానికి సరిగ్గా ఆనేది నార్మల్. అందరిలా ఉండటం అనే అర్థం సుమారు రెండు వందల ఏళ్ళ కిందట మాత్రమే వచ్చింది. అంతకుముందు మనుషుల మీద ఆ మాట వాడిందే తక్కువ, కర్రకీ గీతకీ వాడుకునేవాళ్ళు. టీచర్లకు శిక్షణ ఇచ్చే బడులను కూడా ఒకప్పుడు నార్మల్ స్కూళ్ళనే అనేవారు. వేరే మాట రాద్దామా అనుకుంది. పిల్లలకు మాటిచ్చింది కాబట్టి అదే రాసింది.

మొదటి పీరియడ్‌కి పిల్లలు బోర్డు చుట్టూ మూగారు. "మూలమట్టం అంటే ఎలా ఉంటుంది టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. పాకే వయసులో ఆ మూలమట్టంతోనే ఆడుకున్న మనిషి, సుద్దముక్క పట్టుకుని నీళ్ళు నమిలింది.

"అదిగో టీచర్, ఆ అంకుల్ దగ్గరుంది" అని ఇంకో పిల్ల చూపించింది. వరండా చివర అన్నయ్య బెంచీకున్న మేకులు పీకుతున్నాడు. అప్పుడే అటుగా వచ్చిన హెడ్మిస్ట్రెస్ "మంచిదే, చూపించమనండి" అంది.

"ఏమయ్యా, కాస్త ఇలా రా" అని పిలిచింది టీచరమ్మ. సొంత అన్నని.

అతను వచ్చాడు. ఎల్ అక్షరంలా ఉన్న ఆ ఇనుప పట్టీని బోర్డు చట్రం మూలకు ఆనించి, "ఇక్కడ సందు చూశారా? వెంట్రుకవాసి. చట్రం చేసినవాడు తొందరపడ్డాడు" అని పిల్లలకు వంగి చూపించాడు. ఒక్కొక్కరి చేతా పట్టించాడు. వాళ్ళు వరండాలో ఉన్న తలుపులూ కిటికీలూ అన్నీ కొలిచి ఇది నార్మల్, ఇది కాదు అని గోల చేశారు. హెడ్మిస్ట్రెస్ ముచ్చటపడి, "మీకు తెలిసిన మనిషా టీచర్?" అంది.

ఆవిడ పెదవి విప్పేలోపే అన్నయ్య చేతులు కట్టుకున్నాడు. "తెలీదండీ. ఈ మేడం ఎవరో నాకు తెలీదండీ."

"పనికొచ్చిన మనిషండీ" అని ఆవిడ కూడా ఒక మాట కలిపింది. ఎవరూ అడగకుండానే.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారియర్ విప్పింది. మెట్ల కింద ఒక్కడే కూర్చుని అతను విప్పిన క్యారియర్లోనూ అదే కూర. పొద్దున రెండూ తనే సర్దింది. పక్క టీచర్ కూర ఇవ్వబోతే తల ఎత్తలేకపోయింది. అన్నం మీద మూత పెట్టేసింది.

ఇంటికొచ్చేసరికి అన్నయ్య గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. "బాగా చెప్పానా అమ్మాయ్? నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. బాగా చెప్పానా?"

ఆవిడ తల వంచుకుని చెప్పులు విప్పింది.

"రేపు ఇంకా నాలుగు బెంచీలున్నాయి. రేపూ అలాగే చెప్తా. నువ్వేం భయపడకు" అన్నాడు, ఆవిడ తీరు చూసి కంగారుపడి.

తప్పయిందని చెబుదామనుకుంది. అతను కాళ్ళు కడుక్కుని వచ్చి, పిల్లలు మూలమట్టంతో ఎలా కొలిచారో సంబరంగా చెబుతుంటే ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చెప్పడం ఎందుకు, చేసి చూపిస్తే సరిపోతుంది అని సర్దిచెప్పుకుంది. మాటల మనిషికి మాట కరువైంది.

గురువారం పొద్దున ఇద్దరూ కలిసే బయల్దేరారు. రంపం ఉన్న సంచి ఆవిడే భుజాన వేసుకుంది. అతను వద్దంటున్నా ఇవ్వలేదు. గేటు దగ్గర హెడ్మిస్ట్రెస్సూ ఇద్దరు టీచర్లూ నిలబడి ఉన్నారు. తిన్నగా వాళ్ళ దగ్గరికే వెళ్ళింది.

"మేడం, ఈయన మా అన్నయ్య. నా తోడబుట్టినవాడు. నిన్న చెప్పలేదు" అంది.

వాళ్ళు అతని వంక చూశారు. అన్నయ్య గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధం సొంతంగా అల్లి ఎరగని మనిషి, ఆ క్షణంలో ఒకటి అల్లాడు.

"కాదండీ. ఈ మేడం ఎవరో నాకు తెలీదండీ. సంచి బరువుగా ఉందని దారిలో పట్టుకున్నారు, పాపం. మంచి మేడం."

హెడ్మిస్ట్రెస్ గలగలా నవ్వింది. "మీరు జోకులు కూడా వేస్తారా టీచర్?"

"జోకు కాదండీ, నిజం" అంది ఆవిడ. వెనక అన్నయ్య కాదు కాదని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. వాళ్ళు ఇంకా నవ్వారు.

అతను ఆవిడ భుజం మీద నుంచి సంచి తీసుకుంటూ, ఎవరికీ వినపడకుండా చెవి దగ్గరికి వంగాడు.

"భయపడకు అమ్మాయ్. ఎవరడిగినా ఇంతే చెప్తా."