ఫైనల్‌కి రెండే పేజీలు

మా పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపుతున్నాను. "సరే ఆంటీ" అన్నాను. లోపలికెళ్లి మీటింగ్‌లో కూర్చున్నాను, ఏదో మాట్లాడాను కూడా. ఏడుపు రాలేదు. మీ దగ్గర దాచడమెందుకు, ఇది రాస్తున్న ఇప్పటికీ రాలేదు.

డెట్రాయిట్ పక్కనే ఉన్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా రెండిళ్లకీ మధ్య ఒక డ్రైవ్‌వే, అంతే. ఆయన కార్ల కంపెనీలో రిటైరైన ఇంజనీరు. నాకు బేస్‌బాల్ నేర్పింది ఆయనే. ఇన్నేళ్లు ఇక్కడున్నా, ఎవరైనా అవుటైతే "వికెట్ పడింది" అనేవారు. మనవాళ్లు రన్స్ కొడుతుంటే నన్ను బాత్రూమ్‌కి కూడా లేవనిచ్చేవారు కాదు.

మా డెట్రాయిట్ టీమ్ ఛాంపియన్ అయి ముప్పై ఏళ్లయిందని కిందటేడు ఒక పుస్తకం వచ్చింది. అప్పటికే ఆయనకి చూపు దాదాపు పోయింది. పుస్తకం కొనిచ్చి, శనివారాలు వెళ్లి చదివి వినిపించేవాణ్ని. వట్టి చప్పిడి పుస్తకం. అన్నీ స్కోర్లే, స్టేడియంలో మనుషులే లేరు. ఆయన ముఖం చూడలేక, ఆయన నాకు చెప్పిన సంగతులే ఇంగ్లీషులో మధ్యమధ్య కలిపి చదివేవాణ్ని. ఒకరోజు బ్యాటర్ అవుటైన చోట నోరు జారింది.

"ఏమయ్యా, ఈ అమెరికావాడు వికెట్ అని రాశాడా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "కానీ, కానీ. వాడికన్నా నువ్వే నయం. ఫైనల్ మాత్రం కల్తీ లేకుండా చదువు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. ముక్కూముఖం తెలియనివాడొకడు నన్ను వాటేసుకున్నాడు. ఈ ఊరొచ్చాక నన్నలా దగ్గరికి తీసుకున్న మొదటి మనిషి వాడే. ఆ గోలంతా ఎలా రాశాడో వినాలి" అన్నారు.

ఆ పూటే చివరి పేజీలు తిప్పి చూశాను. ఫైనల్‌కి రెండే పేజీలు. అందులోనూ స్కోర్లే.

ఆఫీసులో పనుందన్నాను, గొంతు బాగాలేదన్నాను. అలా ఐదు శనివారాలు గడిపేశాను. "ఫైనల్ ఎప్పుడయ్యా?" అని ఆయన అడుగుతూనే ఉన్నారు. ఆయన మనసు కష్టపెట్టకూడదనుకున్నాను. చివరికి వినకుండానే పంపించేశాను. తప్పు నాదే.

పదకొండో రోజు భోజనాలయ్యాక ఆంటీ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"అది చదివెయ్యి నాయనా. హాస్పిటల్లో కూడా అడిగారు."

చదివాను. ఒక్క మాట కలపలేదు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

"అంతేనా?" అన్నారు ఆంటీ.

"అంతే ఆంటీ."

పుస్తకం మూశాను. ఆవిడ ఇంకా వింటున్నట్టే కూర్చున్నారు.