మంచు మోసుకొచ్చిన రాయి

కమలాపురం మిషను బడిలో మాకు భూగోళం చెప్పిన అయ్యవారు దారిలో పెద్ద గుండురాయి కనబడితే ఊరికే దాటిపోయేవారు కాదు. దాని మీద అరచెయ్యి ఆనించి, "యా ఊరప్పా నీది?" అని అడిగేవారు. మేము నవ్వేవాళ్లం.

చలి దేశాలలో మంచు నదిలా కదులుతుందనీ, ఏనుగంత రాళ్లను కూడా మైళ్ల కొద్దీ మోసుకుపోయి, చివరికి కరిగిపోతూ ఎవరిదో పొలంలో వదిలేస్తుందనీ చెప్పింది ఆయనే. మంచునే ఎరగని మేము నోళ్లు తెరుచుకుని విన్నాం.

"ఎంత దూరం పోయినా రాతి చార మారదు. అది చూసి యా కొండదో చెప్పొచ్చు," అన్నారు.

నేను పుట్టకముందు వచ్చిన ధాత కరువులో, గంజి పోసే చోట మిషను దొరలకు దొరికిన పిల్లవాడాయన. ఊరు తెలియదు, అమ్మ పేరు తెలియదు. ముంజేతి మీద మూడు పచ్చబొట్టు చుక్కలు మాత్రం ఉండేవి.

అదే ఆయన చార అనుకున్నాను నేను. సంతలో పచ్చబొట్లు పొడిచే అవ్వను చెయ్యి పట్టుకుని బడికి లాక్కొచ్చాను. అయ్యవారు చొక్కా చెయ్యి పైకి మడిచారు.

అవ్వ వంగి చూసి, "ఇవి అన్ని ఊర్లలోనూ పొడుస్తారప్పా. నేనే శానామందికి పొడిచినా," అంది.

"పోనీలేమ్మా," అని నాతో అంటూ ఆయన చొక్కా దించుకున్నారు.

మరుసటి ఏడు అదే పాఠాన్ని కింది తరగతికి చెబుతుంటే కిటికీ పక్కన నిలబడి విన్నాను. మంచు కరిగి, రాయి పొలంలో మిగిలిపోయిన దగ్గర, చార మాట ఎత్తకుండానే అయ్యవారు పుస్తకం మూసేశారు.