ముందు డబ్బా పెట్టు

సౌదీలోని హుఫూఫ్ ఆఫీసులో మా సీనియర్ కడప మనిషి. ఖర్జూరాలు సర్దే రోబోలను తయారీకి ముందు కంప్యూటర్లో నడిపి చూడటం మా పని. ఒక్కోసారి రోబో బొమ్మ తెర మీదికి వచ్చేదే కాదు. మేం కంగారుగా తప్పులు చూపే ఎర్రక్షరాలు చదువుతుంటే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, "రాని ముక్క కాడ డబ్బా పెట్టప్పా, తక్కినవన్నీ రానీ" అనేవాడు. చెడిన భాగం బదులు డబ్బా ఆకారపు ఉత్త దిమ్మె పెట్టగానే మిగతాదంతా లోడయ్యేది. తప్పెక్కడుందో తర్వాత తీరిగ్గా వెతికేవాళ్ళం. ఆయనకు అసలు కంగారు పుట్టేదో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఒకసారి, కొనడానికొచ్చిన సౌదీ మేనేజరు ముందు రోబో చేయి రాలేదు. ఆర్డరు పోయిందనుకున్నాం. మా సీనియర్ తెర మీది రోబో మణికట్టుకు డబ్బా తగిలించి నడిపించాడు.

"చెయ్యేది?" అన్నాడు మేనేజరు ఇంగ్లీషులో.

"ఇంకా రాలేదు సార్. దాని చోటు మాత్రం ఇదే" అన్నాడు మా సీనియర్.

మేనేజరు చివరిదాకా చూశాడు. ఆర్డరు నిలిచింది.

పోయిన నెల ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద, ఉద్యోగం ముగించుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆయన కుర్చీలో ఖాళీ ఖర్జూరం డబ్బా కనబడింది. ఆయనే పెట్టి వెళ్ళాడు. కొత్త మనిషి ఇంకా రాలేదు. ఆఫీసు ఊడ్చే బంగ్లాదేశీ రోజూ ఆ డబ్బాను ఎత్తి, కుర్చీ తుడిచి, మళ్ళీ అక్కడే పెడుతున్నాడు.